ఒక తీర్పును నలుగురు అధ్యాపకులు చదివారు: న్యాయ పరిశోధన హక్కుల కోసం ఏం చేయగలిగింది?

1979 సెప్టెంబరు 16న నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు భారత ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్ ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పనిచేసేవారు. వసుధా ధగమ్వార్ పుణె విశ్వవిద్యాలయంలో ఉండేవారు. అంతకు ఏడాది ముందు, 1978 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు గురించి వాళ్లు ఆ లేఖ రాశారు. ఏడాది పాటు ఆ తీర్పు న్యాయ నివేదికల సంపుటాల్లో పడి ఉంది. దాని మీద పెద్దగా చర్చ కూడా జరగలేదు.

న్యాయ పరిశోధన అనగానే చాలామందికి గుర్తొచ్చేది యూనివర్సిటీ లైబ్రరీలో దుమ్ము పట్టిన థీసిస్‌లు, ప్రమోషన్ కోసం రాసే వ్యాసాలు. ఆ అభిప్రాయం పూర్తిగా తప్పు కాదు. కానీ మన దేశంలో అత్యాచార చట్టం మారిన తీరును, మరణశిక్షపై కోర్టుల ఆలోచన కదిలిన తీరును, వికలాంగుల హక్కులపై నిన్నమొన్న వచ్చిన తీర్పులను వెనక్కి వెళ్లి చూస్తే, ప్రతి చోటా ఎవరో ఒక అధ్యాపకుడో, అధ్యాపకురాలో, విద్యార్థుల బృందమో కనిపిస్తారు. వాళ్లు చేసిన పని ఏమిటి, అది ఎంతవరకు పనిచేసింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది ఈ వ్యాసం విషయం.

దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్‌లో ఏం జరిగింది?

మహారాష్ట్రలోని అప్పటి చంద్రపూర్ జిల్లా దేశాయిగంజ్. 1972 మార్చి 26 రాత్రి. తల్లిదండ్రులు లేని ఒక ఆదివాసీ బాలిక, ఆమె అన్న, ఆమె పెళ్లి చేసుకోవాలనుకున్న యువకుడు, అతని బంధువులు పోలీస్ స్టేషన్‌కు వచ్చారు. చెల్లెల్ని ఎత్తుకుపోయారని అన్న ఫిర్యాదు ఇవ్వడంతో పోలీసులు అందరినీ పిలిపించారు. వాంగ్మూలాలు రాసుకున్నాక మిగతావారిని బయటికి పంపించి, బాలికను ఒక్కదాన్నే లోపల ఉంచారు. బయట అన్న, బంధువులు ఎదురుచూస్తుండగా తలుపులు మూసి, దీపాలు ఆర్పేశారు. తర్వాత బయటికొచ్చిన బాలిక ఇద్దరు పోలీసుల మీద ఆరోపణ చేసింది.

(ఈ కేసు దేశమంతటా ఆమె పేరుతోనే తెలుసు. పాఠ్యపుస్తకాల్లో కూడా అలాగే ఉంటుంది. బాధితుల పేర్లు బయటపెట్టకూడదన్న చట్టం రావడానికి కారణమైన కేసులోనే బాధితురాలి పేరు అందరి నోళ్లలో నానడం ఒక విచిత్రం. ఇక్కడ ఆ పేరు రాయడం లేదు.)

1974లో సెషన్స్ కోర్టు ఇద్దరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఆమెకు అంతకుముందే లైంగిక సంబంధాలు అలవాటయ్యాయని, సమ్మతితోనే జరిగిందని జడ్జి తేల్చారు. 1976లో బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం ఆ తీర్పును తిరగేసి, ఒకరికి అయిదేళ్లు, మరొకరికి ఏడాది శిక్ష వేసింది. భయంతో ఊరుకోవడం సమ్మతి కాదని చెప్పింది. రెండేళ్ల తర్వాత సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును కొట్టేసింది. ఒంటి మీద గాయాలు లేవు, ఆమె కేకలు వేయలేదు, ప్రాణభయమో దెబ్బల భయమో ఉన్నట్టు రుజువు లేదు, కాబట్టి పోలీసులు నిర్దోషులు అన్నది ముగ్గురు న్యాయమూర్తుల నిర్ణయం.

లేఖలో ఏముంది?

ఆ నలుగురు అధ్యాపకులు కొత్త సాక్ష్యం ఏదీ తీసుకురాలేదు. ఊరికి వెళ్లి సాక్షులను కలిశామని చెప్పలేదు. తీర్పును మాత్రమే తీసుకుని, దానిలోని తర్కాన్ని ఒక్కో మెట్టూ దిగుతూ చదివారు.

మొదటి ప్రశ్న సమ్మతికి, లొంగుబాటుకు తేడా గురించి. సమ్మతి ఉన్నచోట లొంగుబాటు ఉండవచ్చు గానీ, లొంగుబాటు ఉన్న ప్రతి చోటా సమ్మతి ఉందనుకోవడానికి వీల్లేదని వాళ్లు వాదించారు. రాత్రిపూట, తలుపులు మూసిన స్టేషన్‌లో, ఇద్దరు పోలీసుల మధ్య ఒక పేద ఆదివాసీ బాలిక ఎదురు తిరగలేదంటే దాన్ని ఇష్టం అని ఎలా చదువుతారు? ఆమె ఎవరు, వాళ్లెవరు, అది ఏ చోటు అన్నవి ఈ కేసులో అసలు సాక్ష్యం కాదా?

రెండో ప్రశ్న ఇంకా పదునైనది. ఆడవాళ్లను విచారణ కోసం పోలీస్ స్టేషన్‌కు పిలిపించకూడదని, వాళ్లున్న చోటికే వెళ్లి అడగాలని అప్పటి నేర విచారణ స్మృతి 160వ సెక్షన్ చెప్పేది. అదే 1978లో నందినీ శతపథి కేసులో సుప్రీంకోర్టే ఈ నియమాన్ని ఉల్లంఘించినందుకు పోలీసులను గట్టిగా తప్పుపట్టింది. నందినీ శతపథి ఒడిశా మాజీ ముఖ్యమంత్రి. అదే ఏడాది అదే కోర్టు, ఆదివాసీ బాలికను రాత్రివేళ స్టేషన్‌కు పిలిపించి ఒంటరిగా ఆపేయడం మీద ఒక్క మాట కూడా అనలేదు ఎందుకని? ఒక ఫైలు మాత్రమే చూసే లాయరుకు ఈ ప్రశ్న తట్టకపోవచ్చు. ఒకే ఏడాది వచ్చిన రెండు తీర్పులను పక్కపక్కన పెట్టుకుని చదవడం తరగతి గదిలో పాఠం చెప్పేవారి రోజువారీ పని. ఆ లేఖ బలం అక్కడే ఉంది.

మూడోది ఆమె గతం గురించి. పెళ్లికి ముందు సంబంధం ఉంటే ఆ ఆడపిల్ల మీద పోలీసులు ఏం చేసినా చెల్లుతుందా అని లేఖ నిలదీసింది. ఈ కేసును మళ్లీ వినాలని కోరింది.

కోర్టు మళ్లీ వినలేదు. పునఃసమీక్ష కోసం జరిగిన ప్రయత్నం ఫలించలేదు. ఇద్దరు పోలీసులూ నిర్దోషులుగానే మిగిలారు. న్యాయ పరిశోధన సాధించిన విజయంగా ఈ లేఖను చెప్పుకునేవారు ఈ విషయం దాటేసి వెళ్తారు. ఎవరి కోసం ఆ లేఖ రాశారో ఆ అమ్మాయికి దాని వల్ల ఒరిగింది ఏమీ లేదు.

లేఖ రోడ్డెక్కింది

అప్పటి పరిస్థితి లేఖకు కలిసివచ్చింది. ఎమర్జెన్సీ ముగిసి రెండేళ్లు దాటింది. పోలీసు కస్టడీలో జరిగే హింస గురించి మాట్లాడే వాతావరణం ఏర్పడింది. హైదరాబాద్‌లో 1978 మార్చిలో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక ముస్లిం మహిళపై అత్యాచారం, ఆమె భర్తను కొట్టి చంపడం నగరాన్ని అట్టుడికించాయి. కాల్పులు, కర్ఫ్యూ, జస్టిస్ ముక్తదర్ కమిషన్ అన్నీ చూశాం. పోలీసులదే తప్పని కమిషన్ తేల్చింది. కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు వెళ్లి, అక్కడ నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. అంటే మహారాష్ట్ర కేసు ఒంటరిది కాదు. ఒకే రకమైన తీర్పులు వేర్వేరు చోట్ల వస్తున్నాయి. అధ్యాపకుల లేఖ ఆ కోపానికి న్యాయభాష ఇచ్చింది.

1980 మార్చి 8న అనేక నగరాల్లో మహిళా సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. ముంబైలో అత్యాచార వ్యతిరేక వేదిక పుట్టింది. అదే ఏడాది ఏప్రిల్‌లో లా కమిషన్ 84వ నివేదిక ఇచ్చింది. 1983లో పార్లమెంటు చట్టం మార్చింది. కస్టడీలో జరిగే అత్యాచారాన్ని విడిగా నేరం చేసి కనీసం పదేళ్ల శిక్ష పెట్టింది. అలాంటి కేసుల్లో సమ్మతి లేదని బాధితురాలు చెబితే కోర్టు దాన్నే నమ్మి మొదలుపెట్టాలని సాక్ష్యాధార చట్టంలో 114ఏ సెక్షన్ చేర్చింది. బాధితురాలి పేరు ప్రచురించడం నేరమైంది. విచారణ బహిరంగంగా కాకుండా మూసిన గదిలో జరగాలన్నారు.

మిగిలినవి చాలా నెమ్మదిగా వచ్చాయి. బాధితురాలి శీలం మీద ప్రశ్నలు వేసి ఆమె సాక్ష్యాన్ని దెబ్బతీయడానికి వీలిచ్చే నిబంధన 2003 వరకు చట్టంలోనే ఉంది. శారీరకంగా ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంతో సమ్మతి ఉన్నట్టు భావించకూడదన్న వాక్యం 2013లో గానీ చట్టంలోకి రాలేదు. లేఖ రాసింది 1979లో. అంటే 34 ఏళ్లు. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 63వ సెక్షన్ కింద ఆ వాక్యం కొనసాగుతోంది.

చట్టం మారినా ఆసుపత్రుల్లో, స్టేషన్లలో పాత మాట చావలేదు. లైంగిక సంబంధం అలవాటేనా అని తేల్చే పేరుతో చేసే రెండు వేళ్ల పరీక్షను సుప్రీంకోర్టు 2013లో తప్పుపట్టింది. అయినా ఆగలేదు. 2022 అక్టోబరులో జస్టిస్ డి.వై. చంద్రచూడ్ ధర్మాసనం మళ్లీ కలగజేసుకుని, ఆ పరీక్ష చేసేవారిని దుష్ప్రవర్తన కింద దోషులుగా చూడాలని చెప్పాల్సివచ్చింది. 1979 లేఖ చేరింది ఆయన తండ్రి వై.వి. చంద్రచూడ్‌కు. అప్పుడు ప్రధాన న్యాయమూర్తి ఆయనే.

ఆ అధ్యాపకులు లేఖతో ఆగలేదు. ఆగ్రాలోని ప్రభుత్వ రక్షణ గృహంలో మహిళలు ఎంత దారుణ స్థితిలో బతుకుతున్నారో వివరిస్తూ 1981లో బక్షీ, లోతికా సర్కార్ సుప్రీంకోర్టుకు మరో లేఖ రాశారు. ఈసారి కోర్టు ఆ లేఖనే పిటిషన్‌గా తీసుకుంది. ప్రజాప్రయోజన వ్యాజ్యం అని ఇవాళ మనం పిలిచేదానికి తొలి రోజుల్లో రూపమిచ్చిన కేసుల్లో అదొకటి. లోతికా సర్కార్ మహిళల స్థితిగతులపై 1974లో వచ్చిన సుప్రసిద్ధ నివేదికను తయారుచేసిన కమిటీలో సభ్యురాలు కూడా. ఒక పక్క పాఠం చెప్పడం, మరో పక్క లెక్కలు తీయడం, ఇంకో పక్క కోర్టు తలుపు తట్టడం ఆ తరానికి వేర్వేరు పనులు కావు.

అడిగింది ఒకటి, ఇచ్చింది ఉరితాడు

అధ్యాపకులు అడిగింది సమ్మతిని సరిగా అర్థం చేసుకోమని, సాక్ష్యాన్ని పక్షపాతం లేకుండా చదవమని. ప్రభుత్వాలు మాత్రం ప్రతి పెద్ద ఘటన తర్వాత శిక్ష పెంచుతూ పోయాయి. 2013లో కొన్ని రకాల అత్యాచార కేసులకు మరణశిక్ష చేర్చారు. 2018లో పన్నెండేళ్ల లోపు పిల్లల విషయంలోనూ చేర్చారు. 2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో ఒక వెటర్నరీ డాక్టర్‌పై జరిగిన ఘోరం తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లు ఆమోదించింది. 21 పనిదినాల్లో దర్యాప్తు, విచారణ రెండూ ముగించి మరణశిక్ష వేయాలన్నది దాని సారం. దానికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు.

తెలంగాణలో అయితే కోర్టు దాకా కూడా పోలేదు. డిసెంబరు 6న నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. చాలాచోట్ల మిఠాయిలు పంచారు. 2022లో బయటికొచ్చిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయిన వారిలో ముగ్గురు మైనర్లని తేల్చింది. ఆ సంబరాల రోజున ఈ మాట ఎవరైనా అని ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

ఇలాంటి వేడిలో మరణశిక్ష నిజానికి ఎవరికి పడుతోంది అన్న ప్రశ్నకు జవాబు అభిప్రాయాలతో దొరకదు. లెక్క కావాలి. ఆ లెక్క ప్రభుత్వం దగ్గర లేదు. స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి ఎంతమందిని ఉరితీశారన్న దానికే పూర్తి జాబితా దొరకని దేశం మనది.

జైలు జైలుకూ తిరిగిన విద్యార్థులు

2013లో ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీలో అనూప్ సురేంద్రనాథ్ నేతృత్వంలో ఒక పరిశోధన మొదలైంది. జాతీయ న్యాయ సేవల సంస్థ సాయంతో జైళ్లలోకి అనుమతి సంపాదించారు. దేశంలో అప్పటికి మరణశిక్ష పడి ఉన్న 385 మందిని గుర్తించి, వారిలో 373 మంది గురించి, వారి కుటుంబాల గురించి వివరాలు సేకరించారు. లా విద్యార్థులు జైళ్లకు వెళ్లి ఖైదీలతో, ఊళ్లకు వెళ్లి ఇళ్లలో తల్లిదండ్రులతో మాట్లాడారు. 2016 మేలో రెండు సంపుటాల నివేదిక వచ్చింది.

అందులోని అంకెలు చదివితే చాలు, వ్యాఖ్యానం అక్కర్లేదు. మరణశిక్ష పడినవారిలో 74 శాతం మంది ఆర్థికంగా బలహీనులు. 76 శాతం మంది ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మత మైనారిటీలకు చెందినవారు. బడి మెట్లెక్కని వారు దాదాపు నాలుగో వంతు. చాలామందికి తమ కేసు పై కోర్టులో ఏ దశలో ఉందో తెలియదు, తమ లాయరెవరో తెలియదు. కస్టడీ గురించి నోరు విప్పినవారిలో అత్యధికులు తమను హింసించారని చెప్పారు.

మరో అంకె జడ్జీలను కూడా ఆలోచింపజేయాల్సింది. 2000 తర్వాత కింది కోర్టులు వేసిన మరణశిక్షల్లో చివరిదాకా నిలిచినవి అయిదు శాతం లోపే. మిగిలిన వాటిలో ఎక్కువ భాగం యావజ్జీవంగా మారాయి. మరికొందరు పూర్తిగా నిర్దోషులని తేలింది. అంటే ఏళ్ల తరబడి ఉరికొయ్య నీడలో బతికినవారిలో ఎక్కువమందికి ఆ శిక్షే సరైంది కాదని పై కోర్టులు ఒప్పుకున్నాయి.

తెలుగు పాఠకులకు ఇందులో కొత్తదనం లేదనిపించవచ్చు. 1993లో చిలకలూరిపేట దగ్గర బస్సు తగలబడి 23 మంది చనిపోయిన కేసులో ఇద్దరు దళిత యువకులకు మరణశిక్ష పడింది. దాన్ని ఆపడానికి ఇక్కడి హక్కుల సంఘాలు, రచయితలు ఎంత పోరాడారో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ హయాంలో ఆ శిక్ష యావజ్జీవంగా మారింది. ఉరికంబం దాకా వెళ్లేది ఎవరన్నది మన హక్కుల ఉద్యమం ఎప్పటినుంచో చెబుతున్న మాటే. అయితే ఒక కేసు గురించి చెబితే అది ఆ కేసు సంగతి అని కొట్టిపారేయవచ్చు. 373 మంది గురించి చెబితే అలా కొట్టిపారేయడం కష్టం. నిజనిర్ధారణ నివేదికకూ పరిశోధనకూ తేడా ఇదే. మొదటిది ఒక ఘటనకు సాక్ష్యం చెబుతుంది. రెండోది ఆ ఘటనలన్నీ ఒకే తీరున ఎందుకు జరుగుతున్నాయో చూపిస్తుంది. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదని కాదు. మొదటిది లేకపోతే రెండోదానికి ప్రశ్నే పుట్టదు.

అదే బృందం మరుసటి ఏడాది 60 మంది సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తులను ఇంటర్వ్యూ చేసింది. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మరణశిక్షను అత్యంత అరుదైన కేసులకే పరిమితం చేసింది గదా, ఆ మాటకు అర్థం ఏమిటని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెప్పారు. పోలీసు హింస, కల్పిత సాక్ష్యాలు మన వ్యవస్థలో ఉన్నాయని ఒప్పుకున్నవారిలోనే చాలామంది మరణశిక్ష కొనసాగాలన్నారు. ఏ సిద్ధాంత గ్రంథమూ చెప్పలేనిది ఆ ఇంటర్వ్యూలు చెప్పాయి.

కోర్టు ఎంత కదిలింది?

బచన్ సింగ్ తీర్పు ప్రకారం జడ్జి నేరాన్ని మాత్రమే కాదు, నేరం చేసిన మనిషిని కూడా చూడాలి. అతని వయసు, పెరిగిన తీరు, మానసిక స్థితి, మారే అవకాశం. వినడానికి బాగుంది. కానీ ఆ వివరాలు జడ్జి ముందుకు తెచ్చేదెవరు? ఢిల్లీ, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర కింది కోర్టుల 215 మరణశిక్ష తీర్పులను ఇదే బృందం చదివింది. దోషి అని తేల్చిన రోజే శిక్ష కూడా ఖరారు చేసిన కేసులు చాలా కనిపించాయి. పొద్దున దోషి, సాయంత్రానికి మరణశిక్ష. ఆ మధ్యలో ఒక మనిషి జీవితం గురించి ఏం సేకరిస్తారు, ఎవరు సేకరిస్తారు?

88 మంది మరణశిక్ష ఖైదీలను మానసిక వైద్య నిపుణుల సాయంతో అధ్యయనం చేసి 2021లో ఇచ్చిన నివేదిక, వారిలో 60 శాతానికి పైగా ఏదో ఒక మానసిక అనారోగ్యంతో ఉన్నారని చెప్పింది.

2022 మే 20న మనోజ్ కేసులో జస్టిస్ యు.యు. లలిత్, జస్టిస్ రవీంద్ర భట్, జస్టిస్ బేలా త్రివేదిల ధర్మాసనం ఈ ఖాళీని నేరుగా ప్రస్తావించింది. మరణశిక్ష కోరేటప్పుడు నిందితుడి మానసిక స్థితిపై నివేదిక, కుటుంబ నేపథ్యం, చదువు, ఆదాయం, జైలులో ప్రవర్తన వంటి వివరాలు విచారణ దశలోనే కోర్టు ముందు పెట్టాలని ప్రభుత్వానికి బాధ్యత అప్పగించింది. ఆ కేసులో ముగ్గురి మరణశిక్షను కనీసం 25 ఏళ్ల యావజ్జీవంగా తగ్గించింది. అదే ఏడాది సెప్టెంబరులో, శిక్ష ఖరారుకు ముందు నిందితుడికి నిజమైన అవకాశం ఎలా ఇవ్వాలన్న ప్రశ్నను అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనానికి పంపింది.

ఇక్కడ గొప్పలు చెప్పుకుని ఆగిపోతే మోసమవుతుంది. అదే 2022లో దేశంలోని కింది కోర్టులు 165 మరణశిక్షలు వేశాయి. 2000 తర్వాత ఒక ఏడాదిలో అంత ఎక్కువ ఎప్పుడూ లేదు. సగానికి పైగా లైంగిక నేరాలతో ముడిపడిన కేసులే. 2023, 2024 సంవత్సరాల్లో సుప్రీంకోర్టు ఒక్క మరణశిక్షను కూడా ఖరారు చేయలేదు. ఢిల్లీలో ఒక న్యాయం, జిల్లా కోర్టులో మరో న్యాయం నడుస్తున్నట్టుంది. పరిశోధన సుప్రీంకోర్టు దాకా చేరింది. జిల్లా కోర్టు దాకా దిగలేదు.

ర్యాంపు ఉండాలా, ఉంటే బాగుంటుందా?

హైదరాబాద్ శివార్లలోని నల్సార్ లా యూనివర్సిటీలో జరిగిన పని ఇంకో రకం. అక్కడి వికలాంగుల అధ్యయన కేంద్రాన్ని నడిపిన ప్రొఫెసర్ అమితా ధండా మానసిక అనారోగ్యం ఉన్నవారిని చట్టం ఎలా చూస్తోందన్న దానిపై దశాబ్దాలు పనిచేశారు. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడిక చర్చల్లో పాల్గొన్నారు. మన 2016 చట్టం వెనుక సాగిన ముసాయిదా కసరత్తులో ఆ కేంద్రం పాత్ర ఉంది.

2023 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, బహిరంగ ప్రదేశాలు వికలాంగులకు ఎంతవరకు అందుబాటులో ఉన్నాయో చూసి చెప్పమని ఈ కేంద్రాన్నే అడిగింది. అంటే ఇక్కడ అధ్యాపకులు కోర్టుకు లేఖ రాయలేదు. కోర్టే వాళ్లకు పని అప్పగించింది. నివేదికలోని ఒక గమనింపు కేసును మలుపు తిప్పింది. చట్టం తప్పనిసరి అని చెప్పిన ప్రమాణాలను, దాని కింద 2017లో ప్రభుత్వం చేసిన నియమాలు సలహాల స్థాయికి దించేశాయి. చట్టంలో "ఉండాలి" అన్నది, నియమంలోకి వచ్చేసరికి "ఉంటే బాగుంటుంది" అయింది. బస్టాండులో ర్యాంపు లేకపోతే ఎవరినీ అడగలేని స్థితి అలా వచ్చింది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు 15వ నియమం చట్టవిరుద్ధమని తేల్చి, మూడు నెలల్లో తప్పనిసరి ప్రమాణాలు రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. నల్సార్ కేంద్రాన్ని సంప్రదించాలనీ చెప్పింది.

ఎక్కడ ఆగిపోతోంది?

పరిశోధకులకు జైలు తలుపు తెరవాల్సింది ప్రభుత్వమే. మరణశిక్ష అధ్యయనానికి అనుమతులు దొరికాయి కాబట్టి ఆ అంకెలు మన దగ్గరున్నాయి. దొరకని చోట్ల ఏం జరుగుతోందో ఊహకే వదిలేయాలి. యూనివర్సిటీలకు నిధులిచ్చేది కూడా చాలావరకు ప్రభుత్వమే అయినప్పుడు ఏ ప్రశ్న అడగాలో, ఏది అడగకూడదో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

ఖైదీ వైపు నుంచి చూసినా చిక్కుంది. ఉరికి ఎదురుచూసే మనిషి దగ్గరికి చదువుకున్న యువతీ యువకులు నోటు పుస్తకంతో వస్తే, వీళ్లు నన్ను కాపాడతారన్న ఆశ పుట్టడం సహజం. అది పరిశోధన మాత్రమేనని చెప్పినా ఎంతమంది నమ్ముతారు? ఆ బృందం తర్వాతి కాలంలో ఖైదీల తరఫున కేసుల్లో పనిచేయడం వైపు కూడా మళ్లడానికి ఈ ఇబ్బంది ఒక కారణమై ఉండాలని నాకు అనిపిస్తుంది.

భాష మరో గోడ. ఈ నివేదికలు, వాటి మీద చర్చ ప్రధానంగా ఇంగ్లీషులోనే సాగుతాయి. మరణశిక్ష పడే కేసు మొదలయ్యేది మాత్రం ఏ మండల కేంద్రంలోని స్టేషన్‌లోనో. అక్కడ వాంగ్మూలం రాసే రైటర్‌కు, ఉచిత న్యాయ సహాయం కింద వచ్చే లాయరుకు, ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరుకు ఈ పరిశోధన వాళ్ల భాషలో, వాళ్లకు పనికొచ్చే రూపంలో అందకపోతే, 1979 నాటి ప్రశ్నలను 2022లో మళ్లీ అడగాల్సి వచ్చినట్టే ఇంకోసారి అడగాల్సి వస్తుంది.

2025లో మరణశిక్షపై పనిచేసే ఆ బృందం ఢిల్లీ నుంచి హైదరాబాద్‌లోని నల్సార్‌కు మారింది. అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు మరో అడుగు వేసింది. మనోజ్ తీర్పు చెప్పిన పద్ధతి పాటించకుండా ఖరారైన మరణశిక్షలను, అన్ని అప్పీళ్లూ ముగిసిన కేసుల్లో సైతం, రాజ్యాంగం 32వ అధికరణ కింద మళ్లీ తెరవవచ్చని చెప్పింది. దాన్ని అడగాలంటే ముందు ఆ ఖైదీ ఎక్కడ పుట్టాడో, ఏ బడికి వెళ్లాడో, ఏ జబ్బుతో ఉన్నాడో ఎవరో ఒకరు ఊరికి వెళ్లి, ఇంట్లో కూర్చుని, రాసుకురావాలి.